కోహిమా యుద్ధ సమాధుల తోట: తరచుగా అడిగే ప్రశ్నలు

"మా తాతగారి అన్నయ్య బర్మా యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదట. ఎక్కడ పోయాడో తెలీదు." కోస్తా జిల్లాల్లో ఇలాంటి మాట వినని ఇల్లు తక్కువ. అడగ్గా అడగ్గా ఈ ప్రశ్నలన్నీ చివరికి ఒక కొండ దగ్గరికే చేరుతుంటాయి. అది నాగాలాండ్ రాజధాని కోహిమాలోని గ్యారిసన్ కొండ. వెళ్లొచ్చినవాళ్లు, వెళ్లాలనుకునేవాళ్లు, ఇంట్లో కూర్చుని పేరు వెతుక్కునేవాళ్లు అడిగే ప్రశ్నలకు నాకు తెలిసిన జవాబులు ఇవి.

ఈ సమాధుల తోట ఎక్కడ ఉంది? ఎంత పెద్దది?

కోహిమా ఊరి నడిబొడ్డున, దిమాపూర్ నుంచి ఇంఫాల్ వెళ్లే రోడ్డు పక్కనే. గేటు బయట ఎప్పుడూ ట్రాఫిక్ జామే. లోపల కొండవాలును మెట్లు మెట్లుగా చెక్కి, ఒక్కో మెట్టు మీద వరసగా సమాధులు పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన 1,420 మంది కామన్‌వెల్త్ సైనికులను, అంటే బ్రిటన్, దాని సామ్రాజ్యంలోని దేశాల తరఫున పోరాడినవాళ్లను, ఇక్కడ పూడ్చారు. యూరప్‌లో ఇలాంటి తోటల్లో పదివేలకు పైగా సమాధులున్నవి ఉన్నాయి. వాటి పక్కన ఇది చిన్నదే. పైదాకా ఎక్కి కిందికి చూస్తే మాత్రం చిన్నదనిపించదు.

ఇక్కడ అసలేం జరిగింది?

1944 మార్చిలో జపాన్ 15వ సైన్యం చింద్విన్ నది దాటి మణిపూర్, నాగా కొండల మీదికి వచ్చింది. సేనాధిపతి ముతగుచి. దక్షిణాన ఇంఫాల్‌ను పట్టుకోవాలి, ఉత్తరాన కోహిమాను పట్టుకుని ఆ రెండు ఊళ్ల మధ్య రోడ్డు తెంపేయాలి, ఇదీ పథకం. కోహిమా పోతే దాని వెనకున్న దిమాపూర్‌కు అడ్డే ఉండదు. రైలు స్టేషన్, తిండి, మందుగుండు, పెట్రోలు గుట్టలు, అన్నీ దిమాపూర్‌లోనే.

ఆ అడవుల్లోంచి, ఆ కొండల మీదుగా మహా అయితే ఒక రెజిమెంటు రాగలదని బ్రిటిష్ అధికారులు లెక్క వేసుకున్నారు. వచ్చింది జనరల్ సాతో కింద ఒక పూర్తి డివిజన్, పన్నెండు నుంచి పదిహేను వేల మంది. కోహిమాలో ఉన్నది సుమారు 2,500 మంది. అందులో వెయ్యి మంది దాకా తుపాకీ పట్టని పనివాళ్లు, గుమస్తాలు, ఆస్పత్రిలో కోలుకుంటున్నవాళ్లు. రాయల్ వెస్ట్ కెంట్ బెటాలియన్, అస్సాం రెజిమెంటు, అస్సాం రైఫిల్స్, ఇంకా చిన్నాచితకా దళాలు కలిసి కల్నల్ హ్యూ రిచర్డ్స్ నాయకత్వంలో ఆ కొండను పట్టుకుని వేలాడాయి.

ఏప్రిల్ 4న మొదలైన ముట్టడి పదిహేను రోజులకు పైగా సాగింది. నీటి దారి జపాన్ వాళ్ల చేతిలోకి పోయింది. నీళ్లు కొలిచి పోశారు, విమానాల నుంచి నీటి డబ్బాలు జారవిడిచారు. అందులో కొన్ని అవతలివాళ్ల వైపు పడ్డాయి. గాయపడ్డవాళ్లు కందకాల్లోనే పడి ఉండి, మళ్లీ గాయపడేవారు. ఏప్రిల్ 18న పంజాబ్ రెజిమెంటు సైనికులు లోపలికి చేరాక గాని ఊపిరి ఆడలేదు. ముట్టడి విడినా యుద్ధం అయిపోలేదు. బ్రిటిష్ 2వ డివిజన్ ఒక్కో గుట్టనూ తిరిగి పట్టుకోవడానికి మే నెల గడిచింది. తిండి అందక, మందుగుండు అందక సాతో తన పైఅధికారుల మాట కాదని వెనక్కి మళ్లాడు. జూన్ 22న ఇంఫాల్ వైపు నుంచి వచ్చిన దళాలూ, కోహిమా వైపు నుంచి వెళ్లిన దళాలూ 109వ మైలురాయి దగ్గర కలుసుకున్నాయి.

కోహిమాలో బ్రిటిష్, భారతీయ సైన్యం నష్టం చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, ఆచూకీ తెలియనివాళ్లు కలిపి నాలుగు వేల పైచిలుకు. జపాన్ నష్టం అయిదు వేలకు పైనే.

టెన్నిస్ కోర్టు యుద్ధం అంటారు. నిజంగా టెన్నిస్ కోర్టేనా?

నిజంగానే. నాగా కొండల డిప్యూటీ కమిషనర్ చార్లెస్ పాసీ బంగళా, దాని పక్కన ఆయన టెన్నిస్ కోర్టు. కోర్టుకు ఈ చివర ఒకరు, ఆ చివర ఇంకొకరు కందకాలు తవ్వుకున్నారు. మధ్య దూరం ఇరవై, ఇరవై అయిదు గజాలు. బంతి కొట్టే దూరంలో గ్రెనేడ్లు విసురుకున్నారు. చివరికి మే 13న ఒక ట్యాంకును కొండ మీంచి కోర్టులోకి దించి, జపాన్ బంకర్ల మీద ఆనించినంత దగ్గర నుంచి కాల్చాక డార్సెట్ రెజిమెంటు దాన్ని పట్టుకోగలిగింది.

ఆ కోర్టు గీతలను ఇప్పటికీ తెల్లటి సిమెంటు పట్టీలతో గుర్తుపెట్టి ఉంచారు. చుట్టూ సమాధులు, మధ్యలో ఆట గీతలు. అక్కడ నిలబడినప్పుడు ఏమనిపిస్తుందో మాటల్లో పెట్టడం నా వల్ల కాలేదు.

పక్కనే ఒక చెర్రీ చెట్టు ఉంటుంది. అసలు చెట్టు ఎక్కి జపాన్ తుపాకీగాళ్లు కాల్చేవారు. గుండ్ల దెబ్బకు అది కూలిపోయి మోడు మిగిలింది. ఆ మోడు నుంచే తిరిగి చిగురించిందని అక్కడి పలక చెబుతుంది.

యుద్ధం జరిగిన చోటే ఎందుకు కట్టారు?

చనిపోయినవాళ్లు ఎక్కువమంది పడింది అక్కడే కాబట్టి. చుట్టుపక్కల అక్కడక్కడా పూడ్చినవాళ్లను కూడా తర్వాత ఇక్కడికే చేర్చారు.

లోపల ఏం చూడాలి?

గేటు దగ్గర, కింది భాగంలో 2వ డివిజన్ స్మారకం. నాగాలు తమవాళ్ల గుర్తుగా నిలబెట్టే రాళ్లలాంటి పెద్ద నిలువు రాయి అది. దాని మీదే ఆ ప్రసిద్ధ వాక్యం ఉంది. దాని సంగతి కిందికి వస్తే చెబుతాను. పైకి వెళ్లేకొద్దీ వరసలు. ఇక్కడ నిలువు సమాధి రాళ్లు ఉండవు. పొట్టి రాతి దిమ్మల మీద కంచు పలకలు బిగించారు. పలక మీద సైనిక నంబరు, హోదా, పేరు, దళం, చనిపోయిన తేదీ, వయసు. కొన్నింటి మీద కింద ఇంకో చిన్న వాక్యం కనిపిస్తుంది. అది ఇంటివాళ్లు రాయించుకున్నది. ఒక తల్లి, ఒక భార్య వేల మైళ్ల అవతల కూర్చుని కొద్ది మాటల్లో ఇమిడ్చి పంపినవి. నిదానంగా చదవండి, ఈ తోటలో ఎక్కువ సమయం తీసుకోవాల్సింది వాటికే.

పేరు తెలియని సైనికుల పలకల మీద "దేవునికి తెలిసినవాడు" అనే అర్థం వచ్చే మాట ఉంటుంది. ఆ మాట ఎంచింది రచయిత కిప్లింగ్. ఆయన కొడుకు మొదటి ప్రపంచ యుద్ధంలో పోయాడు, ఆయన బతికుండగా శవం దొరకలేదు.

ఇంకా పైన టెన్నిస్ కోర్టు, పెద్ద రాతి శిలువ. చాలామంది సందర్శకులు అక్కడ ఫోటో దిగి వెనక్కి తిరుగుతారు. మీరు మాత్రం తిరగొద్దు. ఇంకా పైకి ఎక్కండి. ఎందుకో తర్వాతి జవాబులో ఉంది.

వరసల్లో హిందూ పేర్లు కనిపించవేం? మనవాళ్లు పోరాడలేదా?

పోరాడారు, చనిపోయారు. సమాధి లేదంతే. హిందువులను, సిక్కులను వాళ్ల ఆచారం ప్రకారం దహనం చేశారు. దహనమైనవాళ్లకు పూడ్చిన చోటు అంటూ ఉండదు గదా. అందుకే ఈ తోటలో అన్నిటికన్నా ఎత్తైన చోట ఒక దహన స్మారకం కట్టి, దాని మీద 917 మంది పేర్లు చెక్కారు.

ఈ పేజీ రాయడానికి అసలు కారణం ఇదే. కోహిమా గురించి ఇంటర్నెట్‌లో చూసే ఫోటోల్లో శిలువ ఉంటుంది, గులాబీలు ఉంటాయి, టెన్నిస్ కోర్టు ఉంటుంది. ఆ 917 పేర్ల గోడ అరుదుగా కనిపిస్తుంది. "వెళ్లి చూశాం, అంతా ఇంగ్లీషు పేర్లే" అని చెప్పేవాళ్లు పైదాకా వెళ్లనివాళ్లే. మనింటి మనిషిని వెతుక్కుంటూ వెళ్లినవాళ్లు అయితే ముందు ఆ గోడ దగ్గరికే వెళ్లాలి, తర్వాత నింపాదిగా కిందికి దిగుతూ మిగతావి చూడొచ్చు.

ముస్లిం, క్రైస్తవ సైనికులు?

వాళ్లను పూడ్చారు కాబట్టి వరసల్లోనే ఉన్నారు, బ్రిటిష్ వాళ్ల పక్కనే. ఇంఫాల్‌లో మాత్రం రెండు వేరు తోటలు ఉన్నాయి. అందులో భారతీయ సైన్యం తోటలో జెమదార్ అబ్దుల్ హఫీజ్ సమాధి ఉంది. జాట్ రెజిమెంటు మనిషి, 1944 ఏప్రిల్ 6న ఇంఫాల్ దగ్గర కొండ మీద శత్రువు మెషిన్‌గన్ గొట్టాన్ని చేత్తో పట్టుకుని లాగాడు. బ్రిటిష్ వాళ్లిచ్చే అత్యున్నత సాహస పతకం విక్టోరియా క్రాస్ ఆయనకు చనిపోయాక వచ్చింది. ఇంఫాల్ కూడా వెళ్లేవాళ్లు అది చూడకుండా రావద్దు.

శవాలను సొంత ఊళ్లకు ఎందుకు పంపలేదు?

మొదటి ప్రపంచ యుద్ధం నాటి నిర్ణయం అది. 1917లో ఏర్పడిన యుద్ధ సమాధుల కమిషన్ (ఈ తోటను చూసుకునే నేటి కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ అదే) ఎవరి శవాన్నీ స్వదేశానికి పంపకూడదని తేల్చింది. డబ్బున్నవాళ్లు కొడుకు శవాన్ని తెచ్చుకోగలరు, కూలివాళ్లు తెచ్చుకోలేరు, చావులో ఆ తేడా వద్దన్నది వాళ్ల వాదన. ఆ రోజుల్లో చాలామంది తల్లులు దాన్ని గట్టిగా వ్యతిరేకించారు. ఆ తల్లుల కోపంలో న్యాయం ఉందనే నా ఉద్దేశం. కానీ కోహిమాలో ఒకే కొలత పలకలు వరసగా చూసినప్పుడు ఆ వాదన బలం కూడా అర్థమవుతుంది.

అధికారికీ సిపాయికీ నిజంగానే తేడా లేదా?

కోహిమాలో లేదు. పలక కొలత ఒకటే, స్థలం ఒకటే, విక్టోరియా క్రాస్ ఉన్నా లేకున్నా ఒకటే. హోదా, జాతి, మతం చూడకూడదనేది కమిషన్ మూల నియమం.

అయితే నియమం వేరు, జరిగింది వేరు. మొదటి ప్రపంచ యుద్ధం విషయంలో తాము ఆ నియమాన్ని చాలాచోట్ల పాటించలేదని కమిషన్ 2021లో ఒక నివేదికలో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. ఆఫ్రికా, ఈజిప్టు, భారత్ మనుషుల్లో 45,000 నుంచి 54,000 మందిని అందరితో సమానంగా స్మరించలేదని, కనీసం 1,16,000 మందికి పేరే ఎక్కించలేదని ఆ నివేదిక చెప్పింది. కాబట్టి "మా ముత్తాత పేరు ఎక్కడా లేదు" అంటే ఆయన వెళ్లలేదని కాదు.

ఇక్కడ విక్టోరియా క్రాస్ పొందినవాళ్లు ఎవరు?

ఇద్దరు. లాన్స్ కార్పొరల్ జాన్ హార్మన్, రాయల్ వెస్ట్ కెంట్. ఆయన తండ్రి ఇంగ్లండ్ పక్కన లండీ అనే దీవికే యజమాని. కొడుకు మామూలు సిపాయిగా చేరాడు. గ్రెనేడ్ పిన్ను లాగి, పేలడానికి రెండు సెకన్లు మిగిలేదాకా చేతిలో పట్టుకుని మెషిన్‌గన్ గూటిలోకి విసిరాడు. మర్నాడు ఒక్కడే ఇంకో గుంపు మీదికి వెళ్లి, తిరిగొస్తుండగా చనిపోయాడు. రెండోవాడు కెప్టెన్ జాన్ రాండల్, రాయల్ నార్ఫోక్. మే 6న బంకరు కాల్పుల సందును తన శరీరంతో మూసేశాడు. ఇద్దరి సమాధులూ ఇక్కడే.

ఆ వాక్యం ఏమిటి? ఎవరు రాశారు?

తెలుగులో చెప్పాలంటే దాదాపు ఇలా: "ఇంటికి వెళ్లాక మా గురించి చెప్పండి. మీ రేపటి కోసం మా నేటిని ఇచ్చామని చెప్పండి."

కోహిమాలో చనిపోయిన సైనికుడు రాసిందని గైడ్లు, వాట్సాప్ ఫార్వార్డులు చెబుతుంటాయి. కాదు. జాన్ మాక్స్‌వెల్ ఎడ్మండ్స్ అనే ఇంగ్లీషు పండితుడు మొదటి ప్రపంచ యుద్ధం కాలంలో రాసినట్టు చెప్పే వాక్యం ఇది. ఆయనకూ మూలం పాత గ్రీకు సమాధి వాక్యం, థర్మాపిలే యుద్ధంలో పోయిన స్పార్టా వీరుల మీద గ్రీకు కవి సిమోనిడీస్ చెప్పినదాని ఛాయ.

జపాన్ సైనికుల సమాధులు ఎక్కడ?

ఈ తోటలో లేవు. కోహిమా దారుల్లో ఆకలితో, రోగాలతో పోయినవాళ్లలో ఎక్కువమంది అడవుల్లోనే కలిసిపోయారు. ఇంఫాల్ దగ్గర ఎర్ర కొండ పక్కన భారత శాంతి స్మారకం ఉంది, జపాన్ వాళ్లు వచ్చి నమస్కరించే చోటు అది. కోహిమాలో అరదూరా కొండ మీదున్న పెద్ద చర్చి కట్టడానికి జపాన్ మృతుల కుటుంబాలు డబ్బిచ్చాయి. ఊళ్లోకి వెళ్తే అది కూడా చూడండి.

ఆజాద్ హింద్ ఫౌజ్ వాళ్లు?

వాళ్లు జపాన్ వైపు నిలబడి పోరాడారు కాబట్టి కామన్‌వెల్త్ జాబితాల్లో ఉండరు. వాళ్ల కోసం మణిపూర్‌లోని మొయిరాంగ్ వెళ్లాలి. 1944 ఏప్రిల్ 14న అక్కడే ఫౌజ్ జెండా ఎగరేసింది. స్మారకం, మ్యూజియం ఉన్నాయి.

బ్రిటిష్ వాళ్ల కోసం పోరాడినవాళ్లకు మనమెందుకు దండం పెట్టాలి?

ఈ ప్రశ్న కాస్త కోపంగానే వస్తుంటుంది. పెట్టాలని ఎవరూ బలవంతం చేయరు. నా మటుకు నేను ఇలా అనుకుంటాను: ఆ 917 మందిలో చాలామంది సైన్యంలో చేరింది జీతం కోసం. కరువు, అప్పు, ఇంట్లో పెళ్లి కావాల్సిన చెల్లెళ్లు. బోసు వైపు వెళ్లినవాడూ, ఈ కొండ మీద పోయినవాడూ ఒకే ఊరివాళ్లు కావచ్చు, ఒకే ఇంటివాళ్లు కూడా కావచ్చు. ఒకరికి పూలు పెడితే ఇంకొకరికి ద్రోహం అవుతుందని నేను అనుకోను. మొయిరాంగ్, కోహిమా రెండూ ఒకే యాత్రలో చూడగలిగితే అంతకంటే మంచిది లేదు.

నాగాల మాటేమిటి?

యుద్ధం వాళ్లడిగింది కాదు, జరిగింది వాళ్ల ఇళ్ల మీద. కోహిమా పాత గ్రామం బూడిదైంది. దారి చూపించారు, సమాచారం తెచ్చారు, కాల్పుల మధ్య స్ట్రెచర్లు మోశారు. బ్రిటిష్ 14వ సైన్యం సేనాధిపతి స్లిమ్ వాళ్లను మనసారా మెచ్చుకున్నాడు. కానీ సాధారణ గ్రామస్తులు సైనికులు కారు కాబట్టి ఈ పలకల మీద వాళ్ల పేర్లు ఉండవు. యుద్ధం చేసి వెళ్లిన బ్రిటిష్ సైనికులు ముసలితనంలో నాగా పిల్లల చదువు కోసం ఒక ట్రస్టు పెట్టారు. ఆ అప్పు కొంచెమైనా తీర్చుకోవాలని.

మీరు వెళ్లినప్పుడు టాక్సీ డ్రైవరునో, హోటలు వాళ్లనో వాళ్ల తాతల కాలం గురించి అడిగి చూడండి. పుస్తకాల్లో లేనివి దొరుకుతాయి.

తెలుగువాళ్ల పేర్లు ఎలా వెతకాలి?

ముందు ఇంట్లో వెతకండి. పెట్టెలో పాత పతకం ఉంటే దాని అంచు మీద నంబరు ఉందేమో చూడండి. పెన్షన్ కాగితం, మనియార్డరు రసీదు, టెలిగ్రాం, ఏదైనా సరే. దళం పేరు తెలిస్తే సగం పని అయినట్టే. మద్రాస్ ప్రెసిడెన్సీ నుంచి వెళ్లినవాళ్లు మద్రాస్ రెజిమెంటులోనూ, మద్రాస్ శాపర్స్ అనే ఇంజినీరు దళంలోనూ, ఇంకా సప్లై, సిగ్నల్స్, ఆస్పత్రి, పయనీర్ దళాల్లోనూ ఉన్నారు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని "మిలటరీ మాధవరం" అనడం ఊరికే కాదు, ఆ ఊరు రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపింది.

ఆ తర్వాత కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు. అక్కడ మనవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది స్పెల్లింగు దగ్గర. రాసినవాడు ఇంగ్లీషు గుమస్తా, చెప్పినవాడు చదువు రాని కుర్రాడు. అప్పలస్వామి ఒక ముక్కగా ఉండొచ్చు, రెండు ముక్కలుగా ఉండొచ్చు, చివర 'ఐ' ఉండొచ్చు, 'వై' ఉండొచ్చు. ఇంటిపేరు అసలు లేకపోవచ్చు, ఒక్క అక్షరంగా ఉండొచ్చు. కాబట్టి పూర్తి పేరు కొట్టకుండా మొదటి నాలుగైదు అక్షరాలతో వెతకండి, దేశం దగ్గర భారత సైన్యం ఎంచుకోండి.

చాలా రికార్డుల్లో అదనపు వివరం అని ఒక గడి ఉంటుంది. తండ్రి పేరు, భార్య పేరు, ఊరు, జిల్లా అందులోనే. జిల్లా పేర్లు ఆనాటి ఇంగ్లీషువి. విశాఖపట్నం "విజగపటం", కృష్ణా "కిస్ట్నా", కడప "కడ్డపా". ఊరి పేరును పైకి చదివి వినండి, అప్పుడు గుర్తుపడతారు. కళ్లతో చూస్తే ఒక్కోసారి మన సొంత ఊరే గుర్తురాదు.

పలక మీద "హైదరాబాద్ రెజిమెంట్" అని ఉంది. మా హైదరాబాదువాళ్లేనా?

చాలామంది పడే పొరపాటు ఇది. 19వ హైదరాబాద్ రెజిమెంటు పేరుకే హైదరాబాద్. అందులోవాళ్లు ప్రధానంగా కుమావూనీలు, జాట్లు, అహీర్లు. 1945లో దాని పేరును కుమావూన్ రెజిమెంట్‌గా మార్చారు.

నిజాం సొంత సైన్యం వేరు. దాని 1వ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ 1941 డిసెంబరులో మలయాలోని కోటా బారు విమానాశ్రయం దగ్గర ఉంది, జపాన్ మొదట దిగింది అక్కడే. అటు పోయిన మనిషైతే కోహిమాలో కాదు, సింగపూర్‌లోని క్రాంజి స్మారకంలో వెతకండి.

కోహిమాలో పేరు లేదు. ఇంకెక్కడ చూడాలి?

"బర్మా యుద్ధం" అని ఇంట్లో అన్నారంటే కోహిమా కంటే రంగూన్ పక్కన టౌక్యాన్‌లో ఉన్న రంగూన్ స్మారకంలో దొరికే అవకాశం ఎక్కువ. సమాధి లేని సుమారు 27,000 మంది పేర్లు దాని స్తంభాల మీద ఉన్నాయి, వాళ్లలో పెద్ద భాగం భారతీయులే. ఇంఫాల్‌లో ఇంకో దహన స్మారకం ఉంది. వెబ్‌సైట్‌లో వెతికేటప్పుడు చోటు పేరు కొట్టకుండా ఖాళీగా వదిలేస్తే ఇవన్నీ ఒకేసారి వస్తాయి.

ఇంకో సంగతి. కమిషన్ లెక్క 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 దాకా. గాయాలతో ఇంటికొచ్చి 1950లో పోయినాయన పేరు అందులో ఉండదు.

1962, 1971, కార్గిల్‌లో పోయినవాళ్ల పేర్లు ఇక్కడ ఉంటాయా?

ఉండవు. వాటికి ఢిల్లీలో ఇండియా గేట్ పక్కన జాతీయ యుద్ధ స్మారకం ఉంది, 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైంది. 2020లో గల్వాన్‌లో అమరుడైన మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు పేరు అక్కడ ఉంది.

నిర్వహణ ఖర్చు ఎవరిది?

కమిషన్‌లో ఆరు సభ్య దేశాలు: బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా, భారత్. తమ సైనికుల సమాధుల సంఖ్యను బట్టి వాటా. నాలుగింట మూడు వంతులకు పైగా బ్రిటన్‌దే. గడ్డి కోసేది, గులాబీలకు పాదులు చేసేది అక్కడి తోటమాలులే.

ఎలా వెళ్లాలి? టికెట్టు ఉందా?

టికెట్టు లేదు. విమానమైనా రైలైనా దిమాపూర్ దాకా, అక్కడి నుంచి సుమారు 75 కిలోమీటర్లు కొండ రోడ్డు, షేరు టాక్సీలు దొరుకుతాయి. దూరం చూసి రెండు గంటలే అనుకోవద్దు. వానాకాలంలో కొండచరియలు విరిగి పడితే రోజు పోతుంది.

నాగాలాండ్ వెళ్లడానికి భారతీయులకు కూడా ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి, ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి. దిమాపూర్‌లో దిగాక చూసుకుందాం అనుకుంటే అనవసరమైన టెన్షన్. ఆదివారం కోహిమాలో దుకాణాలు దాదాపు అన్నీ మూసేస్తారు, తిండి సంగతి ముందే చూసుకోండి. డిసెంబరు మొదటి పది రోజులు కిసామాలో హార్న్‌బిల్ పండగ, అప్పుడు గదులు దొరకడం కష్టం. నన్నడిగితే ఆ రద్దీ తగ్గాక వెళ్లమంటాను.

పెద్దవాళ్లను తీసుకెళ్తే ఒక మాట. మెట్లు ఎక్కువ, దహన స్మారకం అన్నిటికన్నా పైన. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు సగం రోజు కేటాయించి, ఆగుతూ ఎక్కించండి.

కొబ్బరికాయ కొట్టొచ్చా? దీపం, పిండం?

పూలు పెట్టండి, దండ వేయండి, నిలబడి పేరు పైకి చదవండి. రాయి మీద కొబ్బరికాయ కొట్టడం, కర్పూరం వెలిగించడం, పసుపు కుంకుమ రాయడం వద్దు. మరకలు పోవు, అదే గోడ మీద ఇంకా వందల మంది పేర్లున్నాయి. పిండం పెట్టాలనుకుంటే ఇంటికొచ్చి గోదావరి ఒడ్డునో కృష్ణ ఒడ్డునో పెట్టుకోవచ్చు. పేరు, తేదీ దొరికాయి కాబట్టి ఇప్పుడు తిథి కూడా లెక్క కట్టించుకోవచ్చు. ఇన్నేళ్లూ మహాలయ అమావాస్యకు సర్దుకున్న ఇళ్లకు అది చిన్న విషయం కాదు.

పలకల మీద కూర్చోవద్దు, దిమ్మల మీద కాలు పెట్టి ఫోటోలు దిగొద్దు. పిల్లలు టెన్నిస్ కోర్టులో పరిగెత్తితే మాత్రం ఎవరూ ఏమీ అనరు, నేనైతే అస్సలు అనను.

అంత దూరం వెళ్లలేం. దగ్గరలో ఏదైనా ఉందా?

చెన్నైలో నందంబాక్కం దగ్గర మద్రాస్ వార్ సెమెట్రీ ఉంది, విమానాశ్రయానికి దగ్గరే. దక్షిణ, తూర్పు భారతంలో చెల్లాచెదురుగా ఉన్న కంటోన్మెంటు సమాధులను ఎల్లకాలం చూసుకోలేమని 1952లో అక్కడికి చేర్చారు. రెండో ప్రపంచ యుద్ధం సమాధులు 850కి పైగా. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయి మన దేశంలో ఎక్కడెక్కడో పూడ్చబడ్డ వెయ్యి మందికి పైగా పేర్లతో ఒక స్మారకం కూడా అందులోనే ఉంది. ప్రశాంతమైన చోటు. కోహిమాకు వెళ్లేముందు ఒకసారి చూస్తే, పలక ఎలా చదవాలో అలవాటవుతుంది.

పేరు దొరికింది, కానీ తప్పుగా రాశారు. మార్పించవచ్చా?

అడగొచ్చు. రుజువుగా కాగితం కావాలి: సైనిక రికార్డు, పెన్షన్ పుస్తకం, ఆనాటి ఉత్తరం లాంటివి. కమిషన్‌కు వెబ్‌సైట్ ద్వారా పంపితే పరిశీలించి రికార్డు సవరిస్తారు. టైము పడుతుంది, ఓపిక పట్టండి. పంపేముందు రికార్డులో ఇచ్చిన స్మారకం పేరు, గోడ మీది వరస నంబరు రాసి పెట్టుకోండి. 917 పేర్ల గోడ ముందు నిలబడి నంబరు లేకుండా వెతకడం మొదలుపెడితే, ఒక్కో పేరూ చదవకుండా ముందుకు వెళ్లలేరు.